సరస్సు మీద వ్యాన్

మరిది లేలండ్‌కు,

ప్రభువు నిన్ను చల్లగా చూడాలి. నిన్న మీ అన్న, మంచుకు కన్నం వేసి లోపల కూర్చుని చేపలు పట్టే చెక్కగదిని మా మినీవ్యాన్‌కు తగిలించి, గడ్డకట్టిన సరస్సు మీదికి లాక్కెళ్ళారు. వెనక సీట్లో మనవరాలు టిల్డా ఉంది. మంచు పగిలితే బయటపడాలి కదా, ఒడ్డు దాటగానే అందరిలాగే నేనూ దాని బెల్టు విప్పాను. బరువుకు వ్యాన్ వెనక్కి కుంగి, ముందు చక్రాలు జారుతున్నాయి. కింద మంచు మూలిగింది.

"మూలిగేదే గట్టి మంచు, పిరికిదానా!" అని మీ అన్న నవ్వారు.

శనివారం టిల్డాను మళ్ళీ తీసుకెళతారట. వ్యాన్ తాళంచెవి కనబడటం లేదని అబద్ధమాడాను. అది పిండిడబ్బాలో ఉంది. నీ మాటైతే వింటారు. ఆయన దాన్ని వెతికి పట్టుకునేలోగా రా, నాయనా.

మీ వదిన