బావ పెట్టిన బొట్టు

శనివారం, రాజపాళయం. ఆయుధపూజ అయి రెండు రోజులు.

బావను ఈ జన్మలో నమ్మను. అక్క మొగుడన్న మర్యాద ఇవాళ్టితో సరి.

బేస్ గిటారు కోసం నెల రోజులు నేనే చెక్క కోసి, జిగురు పెట్టి, ఉప్పుకాగితం రుద్ది చేసుకున్న పెట్టె అది. దానికి రెండు స్పీకర్లూ ఎనిమిది ఓమ్‌లవే కావాలని పదిసార్లు చెప్పాను. బావ తన మైకుసెట్టు షాపు నుంచి రెండు తెచ్చాడు. రెండింటికీ నట్టనడుమ పూజ చందనం వేలెడు మందాన ఉంది. మీటరు పెడితే ఒకటి రెండోదానిలో సగమే చూపించింది.

"రెండూ పన్నెండు ఇంచీలే గదరా! ఒకటే మాదిరి ఉండాయి. మీటరుకు ఏమి తెలుసు?" అన్నాడు.

అనుమానమొచ్చి, సగం చూపినదాని చందనం గోటితో గీకాను. కింద కాయిలును కప్పే నడిమి టోపీని కోసి మళ్ళీ అతికించిన గీత. కాయిలు కాలిపోతే చేతికందిన ఇంకేదో కాయిలు వేసి, పైన సామిని కూర్చోబెట్టాడు. ఈ జత తగిలించి ఉంటే నా ఆంప్లిఫయరు కాలిపోయేది.

అక్క బావను ఒక్క మాట అనలేదు. "సామికి పెట్టిన బొట్టును గీకినావే, నీకు బుద్ధి ఉండాదా?" అని నన్నే తిట్టింది. బావ నా తరఫున చెంపలు వేసుకున్నాడు!

నేను రోజూ సేత్తూరుకు తోలే బండి కూడా బావ అమ్మిందే. మొన్న పూజకు పిలవకుండానే వచ్చి, దాని ఇంజను మీద తనే చందనం పెట్టాడు.

మందంగా.