జోడీల లెక్క

ప్రియమైన నిమ్మళానికి,

నువ్వు పిరికిదానివి. ముందు ఆ మాట అనేసి తర్వాత కుశలం అడుగుతాను. లేకపోతే కుశలాల్లో పడి అసలు మాట జారిపోతుంది. మూడు వారాల కిందట పంపిన సాక్ష్యం కాగితం మీద నువ్వింకా సంతకం పెట్టలేదు. ఫోను చేస్తే "కోర్టులో ఉన్నానే" అంటావు. ఆదివారం కూడా కోర్టేనా? అందుకే కలం పట్టుకున్నాను. ఉత్తరాన్ని మధ్యలో కట్ చేయలేవుగా.

జరిగింది నీకు తెలియనిదేం కాదు. అయినా వరసగా రాస్తాను, ఫిర్యాదుకి పనికొస్తుంది. పరాయి దేశం, మన యాత్రలో ఐదో రోజు. పొద్దున్నే టిఫినుకని బస్సు ఒక పెద్ద బస్టాండులో ఆగింది. వెనక గోడ దగ్గర ఊడ్చే ఆడవాళ్లు అట్టముక్కల మీద ఏదో రాసి పట్టుకుని బైఠాయించారు. నేను అటు వెళ్లాను. వాళ్ల భాష నాకు రాదు, నా భాష వాళ్లకి రాదు. బొబ్బలెక్కిన అరచేతులు చూపిస్తే విషయం అర్థం కాదా? పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. తిరిగొచ్చేసరికి బస్సు లేదు.

నా పాస్‌పోర్టు ఎక్కడుంది? మనూరి నుంచే వెంట వచ్చి, జెండా ఎత్తి ముందు నడిచే మన గైడు, అదే మనం 'జెండా' అని పిలుచుకునే అతని నడుం సంచీలో. "భద్రత కోసం అందరివీ నా దగ్గరే ఉంటాయండీ" అని మొదటిరోజే పోగేసుకున్నాడు. ఫోను నీ దగ్గర ఛార్జింగులో. బీపీ మాత్రలు బస్సులో. హోటల్ చిరునామా ఉన్న కార్డు జేబులో పెట్టుకోమంటే నవ్వి సూట్‌కేసులో పడేశాను. అది నా తప్పే, ఒప్పుకుంటాను. పోలీసు చౌకీలో ఇరవై ఆరు గంటలు ఒక బల్ల మీద కూర్చున్నాను. కొట్టలేదు, తిట్టలేదు. పలకరించనూ లేదు. కాగితం లేని మనిషి వాళ్ల కంటికి ఆనలేదు, అంతే. ఊడ్చేవాళ్లలో ఒకావిడ వెతుక్కుంటూ వచ్చి, నీళ్ల సీసా చేతిలో పెట్టి, తన కోటు నా మీద కప్పి వెళ్లింది.

ఇప్పుడు జెండా సంస్థకిచ్చిన సంజాయిషీ చూడు. "బస్సు కదిలేముందు జోడీల లెక్క అడిగాను. ఆవిడ జోడీ చెయ్యెత్తి 'ఉంది' అన్నారు." నువ్వన్నావట! తలలు లెక్కపెట్టే ఓపిక లేక పక్క సీటువాళ్లని అడిగి సరిపెట్టుకోవడం వాళ్ల పద్ధతి. ఆ రోజు అదీ అడగకుండా బయల్దేరి, తన ఉద్యోగం కోసం నీ నోట్లో మాట పెట్టాడు. నీకు మండదా? ముప్పై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల సాక్ష్యాలన్నీ టైపు చేస్తున్నావే, నీ సాక్ష్యం ఒక్క లైను ఇవ్వలేవా? "అతను లెక్క అడగనే లేదు." అంతే.

సంతకం పెట్టి పంపు. మోకాలి నొప్పి ఎలా ఉంది?

నీ మైకు

*

ప్రియమైన మైకుకి,

మోకాలు ఫరవాలేదు. మెట్లు దిగేటప్పుడే గొడవ. నీకు వారం రోజుల మాత్రలు విడివిడిగా పెట్టుకునే డబ్బా పంపుతున్నాను, చేతిసంచీలో ఉంచుకో.

నువ్వు క్షేమంగా తిరిగొచ్చావు, నాకది చాలు. ఆ జెండా మీద అంత కసి ఎందుకే? కోట ఎక్కేటప్పుడు నీకు ఆయాసం వస్తే సగం దూరం చెయ్యి పట్టుకుని ఎక్కించింది అతనే. పాస్‌పోర్టులు తీసేసుకోవడం మీద రాయి, సంస్థ మీద రాయి. అది న్యాయం. సాక్ష్యం మాత్రం నన్నడగకు. బస్సులో ఆ పూటంతా గోల. నాకేమీ సరిగా గుర్తులేదు.

నీ నిమ్మళం

*

ప్రియమైన నిమ్మళానికి,

గుర్తులేదా! హాస్టల్లో నేను ఎవరి దగ్గర ఏ రంగు చీర అరువు తీసుకున్నానో ఇప్పటికీ చెప్పేదానివి, నాలుగు నెలల కిందటి ముక్క గుర్తులేదా? సరేలే. మనకి ఆ పేర్లు పెట్టినవాళ్లు ఊరికే పెట్టలేదు. నేను అరుస్తాను, నువ్వు సర్దుకుంటావు. ఊరేగింపుల్లో నినాదం నాది, వెనకాల నీళ్ల క్యాను నీది.

నీ సంతకం లేకుండానే గెలిచాం. పత్రికలో నా వ్యాసం వచ్చింది, కత్తిరించి పంపుతున్నాను. స్టాఫ్‌రూములో పైకి చదివి వినిపించారు. మా ప్రిన్సిపాలయితే "ఈసారి మీతో యాత్రకెళ్లాలంటే భయమేస్తోందండీ" అన్నాడు. వారం తిరక్కుండా సంస్థ జెండాని పనిలోంచి తీసేసింది. నేను అడిగింది పద్ధతి మార్చమని. వాళ్లు మనిషిని మార్చి చేతులు దులుపుకున్నారు. దాని మీదా రాస్తాను. కానీ అతను అబద్ధమాడకపోతే ఇంతదాకా వచ్చేదా?

ఇంకో వింత విను. నేను బస్టాండులో ఉంటే అతను నూట ఇరవై కిలోమీటర్ల అవతల రేవులో వెతికించాడు. అందుకే అంత ఆలస్యం. ఎందుకయ్యా అంటే మళ్లీ నీ పేరే! ఆ రోజు మీరంతా ఎక్కిన పడవ దిగేదాకా నేను నీ పక్కనే ఉన్నానని నువ్వే చెప్పావట. ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం ఆసరా. నువ్వు ఊరుకున్నకొద్దీ నీ నెత్తినే రుద్దుతున్నాడు, ఇప్పటికైనా నోరు తెరువు.

జీవితమంతా జెండాలు మోసినదాన్ని, చివరికి ఒక పసుప్పచ్చ జెండా వెనక నడిచి తప్పిపోయాను చూడు.

నీ మైకు

*

ప్రియమైన మైకుకి,

ఈ ఉత్తరం మొదలుపెట్టి మూడుసార్లు చించాను.

నిన్న జెండా మా కోర్టుకి వచ్చాడు. నా బల్ల ముందు నిలబడ్డాడు. నా మీద అరుస్తాడనుకున్నాను.

"మేడమ్, ఒక్క మాట అడిగి పోతాను. ఆ రోజు మీరు చెయ్యెత్తారా, లేదా?"

నేను మిషను మీంచి చేతులు తియ్యలేదు.

"ఎత్తారనే నాకు గుర్తు. కానీ అంత చదువుకున్నావిడ పత్రికలో కాదని రాశారు కదండీ. మా ఆవిడ కూడా నీకే చెవులు మోగాయేమో అంటోంది. పన్నెండేళ్లు చేశానండీ ఈ పని. నా చెవులు పాడైతే నేనిక ఎక్కడా చెయ్యకూడదు. అందుకని అడుగుతున్నాను."

ఆ మనిషి తన మీద తనే అనుమానపడుతున్నాడే. నేను ఇక ఆగలేకపోయాను. లోపలికి వెళ్లిపోయాను. నీకు చెబుతున్నాను.

అతను లెక్క అడిగాడు. నేను చెయ్యెత్తాను. "ఉంది, వెనక సీట్లో పడుకుంది" అన్నాను.

నువ్వు ఆ గోడ దగ్గర చేతులూపుతూ మాట్లాడటం కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. అప్పటికి ఐదు రోజుల్లో ఆరుసార్లు నీ కోసం బస్సు ఆగింది. ప్రతిసారీ అందరూ నా వంకే చూసేవాళ్లు. ముందు సీటావిడ "మీ నాయకురాలు ఇంకా ఉపన్యాసంలోనే ఉన్నారా?" అంది, అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వులోనే చెయ్యి లేచింది. ఒక్కసారి, ఒక్క బస్సు తప్పితే నీకు తెలిసొస్తుందనుకున్నాను. పాస్‌పోర్టు సంగతి పది నిమిషాల తర్వాత తట్టింది. అప్పుడు ఆపమంటే పడవ తప్పుతుంది, నలభైమందికీ తెలిసిపోతుంది. ఇంకో పది నిమిషాలు చూద్దామనుకున్నాను. అలా సాయంత్రమైంది. హోటల్లో గదులిచ్చేటప్పుడు ఇక దాచలేక, పడవ దిగాక కనిపించలేదన్నాను.

తిట్టు. నీకు తిట్టడం వచ్చు.

నిమ్మళం

*

నిమ్మళానికి,

'ప్రియమైన' అని రాయడానికి చెయ్యి రాలేదు. ఉన్న అలవాటు కొద్దీ కలం రెండుసార్లు అటే పోయింది, ఆపాను.

బస్సులో నువ్వు చేసింది ఒక పూట కోపం. దాన్ని నేను మన్నించగలను. నేను ఆగించిన బస్సుల లెక్క నాకూ తెలుసు. అందరికీ న్యాయం చెప్పేదాన్ని, నా పక్కనున్న మనిషి ఎన్నిసార్లు తలదించుకుందో చూసుకోలేదు. కానీ ముప్పై ఏళ్లలో ఒక్కసారి, "ఒసేయ్, ఇక చాలు, బస్సెక్కు" అని నా మొహం మీద అన్నావా? నువ్వంటే వినేదాన్ని. నువ్వు నవ్వి ఊరుకుంటే అది నీ మంచితనం అనుకున్నాను.

మన్నించలేనిది ఆ తర్వాతిది. నాలుగు నెలలు నా ఉత్తరాలు చదివావు. నా వ్యాసం చదివావు. కూలీల పక్షం అని చెప్పుకుని బతికినదాన్ని, నా కలంతోనే ఒక పనివాడి పొట్ట కొట్టాను. నువ్వు చూస్తూ కూర్చుని నాకు మాత్రల డబ్బా పంపావు. నన్ను బస్టాండులో వదిలేశావు సరే, నా మాటని కూడా వదిలేశావు. రేపు నేను ఎవరి తరఫున నోరు తెరిచినా, నాకే నమ్మకం కుదరదు.

నువ్వు తప్పించుకోడానికి నేనూ సాయం చేశాననే అసలు మంట. అతను రెండుసార్లు నిజం చెప్పాడు. నా స్నేహితురాలు అబద్ధమాడదు, గైడు ఆడతాడు అని నేనే తీర్పు రాసేశాను. విచారించకుండా! ఏ జమీందారైనా ఇంతకంటే ఏం చేసేవాడు?

నిన్న అతని ఇంటికి వెళ్లాను. ఇరుకు వాటా, తలుపు సగమే తెరుచుకుంది, వెనక మంచం అడ్డం. అతని భార్య నన్ను పత్రికలో ఫొటోని బట్టి గుర్తుపట్టింది. "ఇంకా ఏం రాయడానికొచ్చారండీ?" అంది. రాయడానికి కాదు, ఒప్పుకోడానికొచ్చానన్నాను. అతను లోపల్నుంచి వచ్చి, చెప్పిందంతా నిలబడి విన్నాడు. "అయితే నా చెవులు బాగానే ఉన్నాయన్నమాట" అని ఒక్క మాటన్నాడు. కూర్చోమనలేదు. అనకపోవడమే సబబు.

నీ ఉత్తరం ఎవరికీ చూపించలేదు. దాన్ని సాక్ష్యంగా పెట్టి నీ మెడలు వంచి రాయించడం నాకిష్టం లేదు. నీ అంతట నువ్వే చెయ్యాలి.

మైకు

నా డిమాండ్లు:

1. జరిగింది జరిగినట్టు సంస్థకి నువ్వే రాయాలి. టైపు కాదు, నీ చేతిరాతతో. ఈ శుక్రవారం లోపల.

2. అతని ఇంటికి వెళ్లి, అతని భార్య ముందు "నేనే చెయ్యెత్తాను" అని చెప్పాలి. ఫోనులో కాదు.

3. సంస్థ అతన్ని వెంటనే పనిలోకి తీసుకోవాలి. తీసుకునేదాకా వాళ్ల ఆఫీసు మెట్ల మీద నేను కూర్చుంటాను.

4. బస్సు కదిలేముందు ప్రతి మొహాన్నీ చూసి లెక్కపెట్టాలి. ఒకరి మాట మీద ఇంకొకరిని లెక్కలో వేసుకోకూడదు.

5. పరాయి దేశంలో ఎవరి పాస్‌పోర్టు వాళ్ల ఒంటి మీదే ఉండాలి.

6. నా వ్యాసం వేసిన పేజీలోనే, అంతే పెద్ద అక్షరాల్లో, నా క్షమాపణ వెయ్యాలి. పత్రికవాళ్లకి రాశాను.

7. నేను రాసేదాకా నువ్వు నాకు రాయకూడదు.