తెల్లచీరల సాయం

గురజాల, 1965 అక్టోబరు, ఆదివారం

సైనికుల కుటుంబాలకని మా మహిళామండలి ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేస్తే, చీరలు కొనే పని బట్టలకొట్టు నడిపే పంచాయతీ అధ్యక్షులవారు తన మీద వేసుకున్నారు. ఇవాళ హైస్కూల్లో సభ. కట్ట విప్పితే ఆరూ తెల్లచీరలే, అంచు కూడా లేదు. మొగుళ్లు సరిహద్దులో బతికుండగానే పెళ్లాలకు విధవల బట్ట పెట్టిన ఘనత మా ఊరికే దక్కింది.

సీతమ్మ చెయ్యి చాపలేదు. ఆమె భర్త ఉత్తరం రాసి రెండు నెలలు దాటింది.

"తీసుకోమ్మా, చానా ఖరీదైన బట్ట. రంగుదేముంది?" అన్నారు అధ్యక్షులవారు.

"అంత ఖరీదైతే మీ ఇంటావిడకు పెట్టు నాయనా, మేం చూసి సంతోషిస్తాం" అన్నాను. ఆడవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు.

పక్కనున్న మార్తమ్మ మొగుడూ పటాలంలోనే ఉన్నాడు. "ఇటియ్యి వదినా, మేం పెళ్లికి కట్టేదే తెల్లచీర. నా పెట్టెలో ఎర్రంచుది ఉంది, రేపు తెచ్చిస్తా" అని అందుకుంది.

కథలు రాసేదాన్ని కదా అని, దాతగారి ఔదార్యం మీద పత్రికకు నాలుగు ముక్కలు రాయమన్నారు. రాసే చెయ్యి నొప్పిగా ఉందన్నాను. ఇప్పుడు ఇది రాస్తుంటే ఏ నొప్పీ లేదు.

దారిలో సీతమ్మ నెమ్మదిగా అడిగింది. "పెద్దమ్మా, వాళ్లకేదన్నా కబురు తెలిసే ఇచ్చారంటావా?"

"వాళ్ల మొహం, వాళ్లకేం తెలుసే" అన్నాను.

తల ఊపింది. ఇంటివైపు కాక పోస్టాఫీసు వైపు తిరిగింది. ఆదివారం అది తెరవరని ఆమెకూ తెలుసు.