తొక్కిన మంచుదారి

అన్నయ్య బెక్సుల్తాన్‌కు, చెల్లెలు కుల్జియ సలాములు. కొండ మీద, సూర్యుణ్ణి గమనించే మా కేంద్రంలో అంతా బాగానే ఉన్నాం, పొయ్యి ఒక్కటే పొగలు కక్కి చంపుతోంది. వదిన లేచి కూర్చుని మాంసం చారు తాగిందని రాశావు. ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదువుకున్నానో! టీ పొట్లాలు పంపాను, అందే ఉంటాయి.

"ఎక్కడో సూర్యుడి మీద మంట లేస్తే మా రేడియోకి ఏం రోగమే?" అని అడిగావు. మంట వెలుగు ఎనిమిది నిమిషాల్లో మనల్ని చేరుతుంది. దానితో ఎగసిన వేడిగాలికి మాత్రం రెండు మూడు రోజులు పడుతుంది. సూర్యుడి నుంచి ఎప్పుడూ వీచే మెల్లని గాలి దారంతా నిండి ఉంటుంది, దాన్ని నెట్టుకుంటూ రావాలి. వచ్చి తాకిందంటే పై ఆకాశం కలత పడి రేడియో మాట గమ్యం చేరదు.

వదినకు నొప్పులొచ్చిన ఆ వారం సూర్యుడి మీది ఒకే మచ్చ నుంచి రెండు మంటలు లేచాయి. మొదటిదాని గాలి బుధవారం వచ్చి కాస్త గరగరలాడించి పోయింది. గురువారం లేచిన రెండోది ఆదివారం గాని రాదని ఇక్కడి నుంచి కబురు వెళ్లింది. అది నమ్మే నువ్వు, నొప్పులు మొదలయ్యాక రేడియోలో డాక్టర్ని పిలవచ్చులే అని ఆగావు.

శుక్రవారం పొద్దున్నే, ఆ గాలి తాకితే కదిలే మా అయస్కాంత సూది పిచ్చెత్తినట్టు ఊగింది.

"సూది విరిగిందేమో చూడమ్మా," అన్నాడు మా కేంద్రం పెద్దాయన.

"సూది బాగానే ఉందండీ."

"అయితే విరిగింది మన లెక్కే."

కారణం తర్వాత తెలిసింది. చలికాలం మేతకు మనం ముందు గుర్రాలనే కదా తోలుతాం! అవి మంచు పెంకు పగలగొట్టి పోతే వెనక గొర్రెలు హాయిగా నడుస్తాయి. మొదటి గాలి అలాగే దారి తొక్కి పోయింది, రెండోదానికి అడ్డే లేకపోయింది. గొర్రెల మంద వెనక పెరిగినదాన్ని, నాకు ఈ మాట తట్టకపోవడమేమిటి? ఇప్పటికీ నమ్మలేకపోతున్నాను.

"ఆ కబురు పంపిన గుడ్డివెధవ దొరికితే గుర్రం తోకకు కట్టి ఈడుస్తా" అని రాశావు. అన్నయ్యా, ఆ గుడ్డిదాన్ని నేనే. ఆ లెక్క నాది. వదిన నెత్తుటి మడుగులో ఉంటే నువ్వు మూగ రేడియో ముందు గొంతు చించుకున్నావు, చివరికి మంచులో గుర్రమెక్కి నర్సుని తెచ్చావు. ఇంకో గంట ఆలస్యమైతే ఏమయ్యేదో అని రోజూ తలుచుకుంటున్నాను.

అదే ఉత్తరంలో పాపకు పేరు నన్నే పెట్టమన్నావు. పేరు ఎంచి ఉంచాను, కానీ ఇందులో రాయను. ముందు ఈ ఉత్తరం వదినకు చదివి వినిపించు. ఆమె అప్పటికీ సరేనంటేనే ఆ పేరు అడుగు.

ఇట్లు,
వదిన ఒప్పుకుంటే పాపకు మేనత్త,
కుల్జియ