ఏడు వాతలు

బుధవారం, 1936 శ్రావణం

నా నడుం నొప్పి నిజమేనట! ఏలూరు డాక్టరమ్మ ఇవాళ అత్తయ్యగారి ముందే అనేసింది. ఆ మాట రాస్తుంటేనే ఒళ్లు పులకరిస్తోంది.

నొప్పి ఎప్పుడెప్పుడు వస్తుందని ఆవిడ అడిగింది నన్నే. జవాబు మాత్రం అత్తయ్యగారు చెప్పారు. "పని కనబడితే వస్తుందండీ ఆ నొప్పి. తొమ్మిదేళ్లుగా ఇదే వరస." నేను ఎప్పటిలాగే తలొంచుకున్నాను.

డాక్టరమ్మ నన్ను బల్లమీద బోర్లా పడుకోమని, రవిక పైకి జరిపి చూసింది. "ఈ మచ్చలేమిటండీ?" అంది. నొప్పి పోతుందని కాల్చిన కడ్డీతో పెట్టించిన వాతలని అత్తయ్యగారు గొంతు తగ్గించి చెప్పారు. ఆవిడ ఒక్కొక్కటే వేలితో తాకుతూ ఏడు లెక్కపెట్టింది.

"దొంగ నొప్పి అయితే మొదటి వాతకే పోయేదండీ" అంది.

జబ్బేమిటో ఇంకా తెలియదట. నయమవుతుందని మాటివ్వలేదు గానీ, కనుక్కునేదాకా వదలనంది. ఒకవేళ నయం కాకపోతే? ఆ దిగులు లేకపోలేదు...

తిరుగు రైల్లో భీమడోలు దాటాక అత్తయ్యగారు కిటికీలోంచి చూస్తూనే, "ఎక్కడే నొప్పి?" అన్నారు.

చెప్పడం మొదలుపెట్టాను. గూడెం స్టేషనులో దిగేసరికి సగం కూడా అవలేదు.