ప్రాక్టీసు లేని రోజులు

ప్రియమైన కుంటి అక్కకి,

ఫోన్లో అయితే రెండో మాటకే పోట్లాడుకుంటాం, అందుకే ఈ ఉత్తరం. కాలేజీలో తర్కశాస్త్రం చెప్పుకునేదాన్ని, నీ కాలి కట్టు విప్పేదాకా నీ ఫుట్‌బాల్ పిల్లల్ని చూసుకుంటానని ఎందుకు ఒప్పుకున్నానో! ఈ వసంతంలో వానలు నామీద కక్ష కట్టాయి. మైదానం గేటు దాకా వెళ్లడం, బురదలో బూటు దిగబడటం, ప్రాక్టీసు రద్దని ఇళ్లకు మెసేజ్ పెట్టడం. ఇదే నా కోచింగ్.

కానీ ఒక సంగతి నన్ను తినేస్తోంది. రద్దు చేసిన మర్నాడు చూస్తే బంతుల సంచీ తడిసి ఉంటోంది. మొన్న తెరిపిచ్చిందని ఆడిస్తే, నేను నేర్పని కార్నర్ కిక్ ఒకటి కొట్టారు. ఎవరు నేర్పారంటే ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. గోల్‌కీపర్ పిల్ల, అదే, బంతి చేతికి అతుక్కుంటుందని మీరంతా జిగురు అని పిలిచేది, "మాకే వచ్చేసింది టీచర్" అంది.

ఆ సంచీ ఉండే గది తాళంచెవి నా దగ్గరా, నీ సహాయకుడు ఈల మాష్టారి దగ్గరా తప్ప ఇంకెవరి దగ్గరా లేదు. పైగా ఆయన అవతలి క్లబ్బు కోచ్‌తో టీ తాగుతుంటే కళ్లారా చూశాను. జట్టును ఎత్తుకుపోతున్నాడేమో అక్కా. నువ్వొచ్చేసరికి జట్టే లేకపోతే నీకు మొహమెలా చూపించను?

నీ అనుమానాల చెల్లి

*

ఏమే పిచ్చిమొద్దూ,

టీ తాగినా తప్పేనా? ఏళ్ల తరబడి నా పక్కన నిలబడ్డ మనిషాయన. చిన్నప్పుడు రబ్బరు పోయిందని క్లాసంతా సోదా చేయించావు, చివరికి నీ జేబులోనే దొరికింది.

ఇక్కడ ఆసుపత్రిలో నర్సు నన్ను కర్రల మీద నడిపిస్తోంది. ఆవిడ కేకల ముందు నా కోచింగ్ ఏ మూలకీ రాదు. జిగురు మోకాలు మానిందా? గాయం మీద బురద పడనివ్వకు. హాయిగా నిద్రపో.

నీ అక్క

*

అక్కా,

"ప్రియమైన" అని రాయడానికి చెయ్యి రాలేదు. జిగురు మోకాలి సంగతి నీకెవరు చెప్పారు? నేను రాయలేదు. అసలు నాకే తెలియదు. నీ ఉత్తరం చదివాక వెళ్లి చూస్తే మోకాలికి కట్టు. "ఎక్కడ పడ్డావే?" అంటే "ఇంట్లో, మెట్ల మీద" అంది. కట్టు అంచున గడ్డిపరక అంటుకునుంది. వాళ్ల మెట్ల మీద గడ్డి మొలుస్తుందా?

ఇన్నాళ్లూ ఈల మాష్టారిని అనుమానించాను. ఆయన వెనక ఉన్నది నువ్వేనా? కాదని ఒక్క ముక్క రాయి. నమ్ముతాను. నమ్మాలనే ఉంది.

చెల్లి

*

చెల్లీ,

నేనే. నువ్వు వరసగా రద్దు చేస్తుంటే, పిల్లల్ని అవతలి క్లబ్బులో చేర్పిస్తామని తల్లిదండ్రులు ఈల మాష్టారి మీద పడ్డారు. కొన్నాళ్లు చేర్చుకోవద్దని ఆ కోచ్‌ని బతిమాలుకోవడానికే ఆ టీ. నువ్వు వద్దన్న రోజుల్లో పిల్లల్ని ఆడించమని ఆయనకి చెప్పింది నేను.

నువ్వు నేల చూసేది గేటు దగ్గర. అక్కడ పైపు పగిలి ఎండల్లోనూ నీళ్లే. అవతలి గోలు వైపు నేల ఎత్తు, వాన వెలిసిన కాసేపటికే ఆరిపోతుంది. నీతో ఆ మాట అనొచ్చు. అన్నా ఆడించవనుకున్నాను. ఆ బురదలో నేను జారిపడ్డ రోజు నా ఎముక విరిగిన చప్పుడు విన్నదానివి. బలవంతపెడితే మొత్తానికే మానేస్తావని భయమేసింది.

అక్క

*

అక్కా,

నిన్న పొద్దుటంతా వాన. రద్దని మెసేజ్ పెట్టి, సాయంత్రం తుంపరలో గొడుగేసుకుని వెళ్లాను. గేటు దగ్గర ఆగకుండా నీళ్లలోంచే అవతలికి నడిచాను. నన్ను చూసి పిల్లలు కొయ్యబొమ్మలైపోయారు. ఈల మాష్టారికి ఈల ఊదాలో దాచాలో తెలియలేదు.

"టీచర్, ఇవాళ ప్రాక్టీసు లేదన్నారుగా!" అంది జిగురు, దొరికిపోయింది నేనైనట్టు.

"లేదు. కానివ్వండి."

కార్నర్ కొట్టారు. జిగురు బంతి మీదికి ఎగిరి బురదలో బారున జారింది. నేను కళ్లు మూసుకున్నాను. చెవులు మూసుకోవడానికి చేతులు రాలేదు. కళ్లు తెరిచేసరికి అది లేచి, నోట్లో బురద ఉమ్మేసి, "మీరంతా నిద్రపోతున్నారా?" అని తోటివాళ్లను తిడుతోంది.

నీ మాట నిజమే. నేల ఆరిందని తెలిసినా రద్దు చేసేదాన్నే. కానీ ఆ సంగతి నన్నడిగి తెలుసుకోవాల్సింది, నా వెనక కాదు.

ఇకనుంచి ఆడించేదీ, ఆపేదీ నేనే. నీ ఫోన్ ఎత్తొద్దని ఈల మాష్టారికి చెప్పేశాను. ఆయన తలూపాడు. ఆ ఊపడం నాకెందుకో నచ్చలేదు.

ఆయన ఫోన్ ఎత్తితే, ఆ మాట నాకు నువ్వే రాయాలి.

చెల్లి