ఇరవై ఆరేళ్ల లెన్సులు

సెప్టెంబర్ 12, 2011

హబ్సిగూడ కంటి దవాఖానా. కుడి కంట్లో శుక్లం. ఆపరేషన్‌కు ముందు కార్నియా టోపోగ్రఫీ అన్నారు, కంటిగుడ్డు మీది పొర వంపు కొలిచే స్కాన్. మెషీన్ మీద గడ్డం ఆనించి చూడాలి, అంతే. కాంటాక్ట్ లెన్సులు వాడతారా అని టెక్నీషియన్ అడిగితే లేదన్నాను. లోపలికి వచ్చేముందే తీసి డబ్బీలో పెట్టాను, ఇక వాడికెందుకు? అబద్ధం నోటికి అలవాటైపోయింది.

ఆ రంగురంగుల మ్యాప్ చూడగానే డాక్టరమ్మ, హార్డ్ లెన్సులు ఎన్నేళ్లుగా పెడుతున్నారని అడిగింది. పెళ్లైనప్పటి నుంచీ, ఇరవై ఆరేళ్లు అని ఒప్పుకున్నాను. లెన్సు ఒత్తిడికి కార్నియా ఆకారం మారిందట. ఈ కొలతతో ఆపరేషన్ చేస్తే లోపల వేసే లెన్స్ పవర్ తప్పుతుందట. నెల రోజులు అద్దాలే పెట్టుకుని మళ్లీ స్కాన్‌కు రమ్మంది.

అద్దాలు! మా అత్త లక్ష్మీనర్సమ్మ ముందు!

సెప్టెంబర్ 13

సంబంధం చూసేటప్పుడు అత్త పెట్టిన షరతు ఒక్కటే, అద్దాల పిల్ల వద్దు. మా అమ్మ నా అద్దాలు బియ్యం డబ్బాలో దాచి, ఆబిడ్స్ తీసుకెళ్లి లెన్సులు కొనిపెట్టింది. అప్పటినుంచీ అత్త లేవకముందే బాత్‌రూమ్‌లో పెట్టుకుంటున్నాను. మా ఆయన జీవన్‌కు తెలుసు. తెలిసి ఏం లాభం? అమ్మకు జెప్పకు, లొల్లైతది అంటాడు. నాచారం ఫ్యాక్టరీలో వందమంది మీద అరుస్తాడు, ఇంట్లో పిల్లి.

సెప్టెంబర్ 22

తెలంగాణ సమ్మెకు నేను పనిచేసే స్కూల్ బంద్. పాఠాలు చెప్పేది లేదు, పొద్దంతా అత్తతోనే. లెన్సులు మానేశాను, అద్దాలు సంచి అడుగునే ఉన్నాయి. పప్పులో ఉప్పనుకుని చక్కెర వేశాను. కండ్లు నెత్తికెక్కినయా అంది అత్త. నిజం నోటిదాకా వచ్చింది, మింగేశాను. పిరికిదాన్ని.

సెప్టెంబర్ 27

బతుకమ్మకు పోవాలని లెన్సులు మళ్లీ పెట్టుకున్నాను. నెల లెక్క మళ్లీ మొదటికి. ఛీ, నా బతుకు.

అక్టోబర్ 9, ఆదివారం

మా రంజిత్‌కు రామంతాపూర్‌లో పిల్లను చూశాం. నేను ఇవాళ కూడా లెన్సులతోనే పోయాను. హరిచందన. కళ్లద్దాలతోనే వచ్చి కూర్చుంది. నా కొడుకు మొహం వెలిగిపోయింది.

అత్త అందరి ముందే అంది. పిల్ల మంచిగుంది గని గీ సోడబుడ్డి అద్దాలేంది, మా ఇంట్ల గసొంటి రోగాల్లేవు అని. పిల్ల తల్లి తల దించుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. బాత్‌రూమ్ ఎక్కడని అడిగి వెళ్లి లెన్సులు పీకేశాను. సంచిలోంచి అద్దాలు తీసి పెట్టుకుని అందరి మధ్యా కూర్చున్నాను. ఈ రోగం మా ఇంట్లో నాకే ఉంది అన్నాను.

అత్త అదరలేదు, బెదరలేదు. పెండ్లైన మూడో నెలల్నే నాకెర్కైంది, ఎన్ని దినాలు దాస్తవో సూద్దామనుకున్న అంది.

నవ్వింది కూడా, ముసల్ది.

అక్టోబర్ 10

తెలుసట! కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతున్నా ఉల్లిగడ్డలు కోయించింది. జ్వరమొచ్చినా లెన్సులతోనే పొయ్యి ముందు నిలబడ్డాను, తమాషా చూసింది. ఒక్కసారి, ఒక్క మాట, తీసెయ్యి బిడ్డా అనలేకపోయిందా? నా ఉసురు తగలకపోదు.

పోనీ తియ్, పెద్దామె అన్నాడు జీవన్. ఆయనకు కూడా కడుపు నిండా పెట్టాను, తిట్లు.

నవంబర్ 14

మళ్లీ స్కాన్. కార్నియా కుదుటపడింది. పాత కొలతతో చేసి ఉంటే ఎంత తప్పయ్యేదో డాక్టరమ్మ చూపించింది. రంజిత్ ఆ పిల్లనే చేసుకుంటానన్నాడు. చేసుకో అన్నాను, అత్త వింటుండగానే.

నవంబర్ 20

నిన్న ఆపరేషన్ అయింది, ఇవాళ కంటికి పట్టీ తీశారు. మొట్టమొదట కనిపించింది లక్ష్మీనర్సమ్మే, మంచం పక్కన కుర్చీలో.

ఇంత చిన్న మనిషికా నేను భయపడింది!